ఒక పిన్ను, రెండు రంగులు: దీపం వెలిగేదీ ఆరేదీ వోల్టేజి లెక్క మీదే

విశాఖలో ఎంవీపీ కాలనీ అపార్ట్‌మెంటు ఒకటి. అక్కడుండే ఒక ఇంజనీరింగ్ విద్యార్థిని తమ బిల్డింగుకు నీళ్ళ ట్యాంకు ఇండికేటర్ చేద్దామని కూర్చుందనుకుందాం. ట్యాంకు నిండితే ఆకుపచ్చ, అడుగంటితే ఎరుపు, చెప్పాల్సిందేమీ లేనప్పుడు దీపం అసలు వెలగకూడదు. వాచ్‌మన్ గది గోడకి ఒక చిన్న డబ్బా, దాని మీద ఒకే ఒక్క చుక్క. డాబాగార్డెన్స్ వైపు వెళ్ళి ‘బైకలర్ ఎల్‌ఈడీ’ అని అడిగి రెండు కాళ్ళదొకటి తెచ్చుకుంది. మైక్రోకంట్రోలర్ (ప్రోగ్రాము ఎక్కించుకునే చిన్న కంప్యూటర్ చిప్పు) ఉండే ఆర్డుయినో ఊనో బోర్డులో ఒకే పిన్నుతో దాన్ని ఆడించే కిటుకు కూడా దొరికింది. ఎల్‌ఈడీ ఒక కాలు పిన్నుకి, రెండో కాలు రెండు 100 ఓముల రెసిస్టర్లు కలిసే చోటికి. ఆ రెసిస్టర్లలో ఒకటి పైన 5 వోల్టులకి, ఇంకోటి కింద గ్రౌండుకి. పిన్ను ‘హై’ అయితే పచ్చ, ‘లో’ అయితే ఎరుపు, ఇన్‌పుట్‌గా మారిస్తే దీపం ఆరిపోతుంది. సోల్డర్ అక్కర్లేకుండా వైర్లు గుచ్చి చూసుకునే బ్రెడ్‌బోర్డు మీద చక్కగా పనిచేసింది.

తర్వాత ఆ సంగతి ఫోనుకి కూడా రావాలనిపించి, ఊనో తీసేసి వైఫై ఉన్న నోడ్‌ఎంసీయూ బోర్డు పెట్టింది. రెసిస్టర్లు అవే, ఎల్‌ఈడీ అదే, ప్రోగ్రాము కూడా దాదాపు అదే. 5 వోల్టులకి వెళ్ళిన వైరు ఇప్పుడు 3.3 వోల్టుల పిన్నుకి వెళ్ళింది, అంతే తేడా. దీపం వెలగలేదు. గదిలో లైటు ఆపి చూస్తే ఎరుపు వైపు నిప్పురవ్వంత మెరుపు ఉండీ లేనట్టు కనిపిస్తుంది. పచ్చ అయితే అదీ లేదు.

ఇలాంటప్పుడు ఎవరైనా చేసేది ఒకటే. ఎల్‌ఈడీ తిప్పి పెడతారు, పిన్ను మారుస్తారు, ప్రోగ్రాము మళ్ళీ ఎక్కిస్తారు, బోర్డు కాలిపోయిందేమోనని టెన్షన్ పడతారు. తప్పు వాటిలో ఎక్కడా లేదు. మైక్రోకంట్రోలర్ పిన్నుతో రెండు రంగుల దీపం వెలిగించే పనిలో ప్రోగ్రాము వాటా చాలా తక్కువ. ఏ కట్టుబడి పనిచేస్తుందో, ఏది చెయ్యదో సప్లై వోల్టేజి ముందే తేల్చేస్తుంది. ఆ లెక్క కూడికలు, తీసివేతలు, ఒక భాగహారం దాటదు. అయినా ఆ నాలుగు అంకెలు కాగితం మీద వేసుకోకుండానే చాలామంది వైర్లు గుచ్చడం మొదలుపెడతారు.

గడప ఎంత ఎత్తు?

రెండు రంగుల ఎల్‌ఈడీ అంటే రంగు మార్చుకునే దీపం కాదు. ఒకే పాలరంగు ప్లాస్టిక్ తొడుగులో రెండు వేర్వేరు చిప్పులు పక్కపక్కన కూర్చుని ఉంటాయి. రెండు కాళ్ళ రకంలో అవి ఒకదానికొకటి ఎదురుగా తిరిగి ఉంటాయి. కరెంటు ఇటునుంచి అటు వెళ్తే ఎరుపు వెలుగుతుంది, అటునుంచి ఇటు వస్తే పచ్చ. మూడు కాళ్ళ రకంలో మధ్య కాలు ఇద్దరికీ ఉమ్మడి, పక్క కాళ్ళు చెరొకటి. ఉమ్మడి కాలు మైనస్ వైపుదైతే కామన్ క్యాథోడ్ అంటారు, ప్లస్ వైపుదైతే కామన్ ఆనోడ్.

ప్రతి ఎల్‌ఈడీకీ ఒక వోల్టేజి గడప ఉంటుంది. దానికంటే తక్కువిస్తే కరెంటు దాదాపు లోపలికి పోదు. గడప దాటాక మాత్రం కొద్దిపాటి వోల్టేజి పెరిగినా కరెంటు ఉరుకుతుంది. ఆ ఉరుకుని ఆపడానికే రెసిస్టర్. మామూలు ఎరుపు ఎల్‌ఈడీ గడప 1.9 వోల్టుల దగ్గర ఉంటుంది. పచ్చ దగ్గరే చిక్కు వస్తుంది, ఎందుకంటే మార్కెట్లో పచ్చలు రెండు జాతులు. పాతరకం గాలియం ఫాస్ఫైడ్‌తో చేసింది, గడప 2.1 వోల్టుల చుట్టుపక్కల. తెలుగులో ‘పచ్చ’ అనే మాట ఆకుపచ్చకీ పసుపుపచ్చకీ మధ్య ఊగుతుంది కదా, ఈ పాతరకం ఎల్‌ఈడీ వెలుగు సరిగ్గా ఆ మధ్యలోనే ఉంటుంది. కొత్తరకం ఇండియం గాలియం నైట్రైడ్‌ది. రంగు చిక్కటి ఆకుపచ్చ, వెలుగు కళ్ళు చెదిరేంత, గడప మాత్రం 3 వోల్టుల పైమాటే. 1962లో నిక్ హోలోన్యాక్ కంటికి కనిపించే ఎరుపు ఎల్‌ఈడీ చేసి చూపించాక, నీలం రంగు దొరకడానికి దాదాపు మూడు దశాబ్దాలు పట్టింది. ఆ నీలానికే 2014లో అకసాకి, అమానో, నకమురాలకి భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఈ కొత్త పచ్చ కూడా ఆ నీలం పుట్టిన పదార్థాల కుటుంబం నుంచి వచ్చినదే. అందుకే దాని గడప కూడా నీలంలాగే ఎత్తు.

కొట్లో అట్ట మీద ‘రెడ్-గ్రీన్’ అని మాత్రమే రాసి ఉంటుంది, ఏ జాతి పచ్చో రాయరు. మల్టీమీటర్‌ని డయోడ్ పరీక్షలో పెట్టి రెండు కాళ్ళకీ తాకిస్తే తెలిసిపోతుంది. ఒకవైపు 1.8 దగ్గర అంకె, తిప్పి పెడితే 2 దగ్గర అంకె వస్తే పాతరకం. చవక మీటర్లు ఆ పరీక్షలో 3 వోల్టులైనా ఇవ్వవు కాబట్టి కొత్త పచ్చని అవి వెలిగించలేవు. అంటే ఎల్‌ఈడీ పాడైందని కాదు, మీటరు గడప దాటలేకపోయిందని. ఈ ఒక్క నిమిషం పరీక్షతో సగం తలనొప్పులు తగ్గుతాయి.

ఇక పిన్ను సంగతి. లోపల రెండు ట్రాన్సిస్టర్ స్విచ్చులుంటాయి, ఒకటి పిన్నుని సప్లైకి కలుపుతుంది, ఒకటి గ్రౌండుకి. మొదటిది మూస్తే హై, రెండోది మూస్తే లో, రెండూ తెరిచి ఉంచితే పిన్ను ఎటూ కాకుండా గాలిలో వేలాడుతుంది. ఇన్‌పుట్ అంటే ఈ వేలాడే స్థితే. ఈ స్విచ్చులు ఆదర్శమైనవేమీ కావు. ఊనోలో ఉండే ఏటీమెగా 328పీ చిప్పు డేటాషీట్ (తయారీదారు ఇచ్చే వివరాల పత్రం) ప్రకారం, 5 వోల్టుల సప్లైలో 20 మిల్లీ ఆంపులు లాగితే హై అన్న పిన్ను 4.2 వోల్టుల దాకా దిగొచ్చు, లో అన్న పిన్ను 0.9 దాకా లేవొచ్చు. లెక్కల్లో మామూలుగా పాతిక ఓముల రెసిస్టర్ పిన్ను లోపలే ఉందనుకుంటే సరిపోతుంది. అదే డేటాషీట్‌లో ఒక పిన్నుకి 40 మిల్లీ ఆంపులు అని ఉంటుంది. అది వాడుకోమని ఇచ్చిన అంకె కాదు, దాటితే చిప్పు దెబ్బతింటుందని గీసిన గీత. నోడ్‌ఎంసీయూలోని ఈఎస్‌పీ 8266కి 12 మిల్లీ ఆంపుల లోపే ఉండటం మంచిది. ఇండికేటర్‌కి ఎలాగూ 5 నుంచి 10 చాలు.

రెండు పిన్నులుంటే పని నల్లేరు మీద నడకే

రెండు కాళ్ళ ఎల్‌ఈడీని రెండు పిన్నుల మధ్య, వరసలో ఒక రెసిస్టర్‌తో కడితే చాలు. ఒక పిన్ను హై, ఇంకోటి లో అయితే ఒక రంగు. తారుమారు చేస్తే రెండో రంగు. రెండూ ఒకేలా ఉంటే ఆరిపోతుంది. 5 వోల్టుల బోర్డులో 330 ఓములు పెట్టారనుకోండి. ఎరుపుకి 5లోంచి 1.9 తీసేస్తే 3.1 మిగులుతుంది. రెసిస్టర్ 330, రెండు పిన్నుల లోపలి పాతికలు కలిపి 380 ఓములు. కరెంటు 8.2 మిల్లీ ఆంపులు. పచ్చకి మిగిలేది 2.9 వోల్టులు, కరెంటు 7.6. రెండూ దాదాపు సమానం, ఏ చీకూచింతా లేదు. 3.3 వోల్టుల బోర్డులో అదే పాతరకం ఎల్‌ఈడీకి 150 ఓములు పెడితే 6, 7 మిల్లీ ఆంపులు వస్తాయి, హాయిగా వెలుగుతుంది. కొత్త పచ్చ అయితే మిగిలేది 0.3 వోల్టే, కరెంటు రెండు మూడు మిల్లీ ఆంపులు దాటదు. కానీ ఆ జాతి వెలుగు ఎంత గట్టిదంటే, అంతమాత్రానికే గది అవతలి నుంచి కనిపిస్తుంది.

ఎదురుబొదురుగా కట్టడంలో పైకి కనిపించని మేలు ఒకటుంది. ఎల్‌ఈడీలు తలకిందులుగా 5 వోల్టులకంటే ఎక్కువ భరిస్తాయని తయారీదార్లు సాధారణంగా హామీ ఇవ్వరు. ఇక్కడ ఆ భయం లేదు. ఒకటి ఆరి తలకిందులుగా ఉన్నప్పుడు పక్కది వెలుగుతూ, దాని మీద తన గడపకి, అంటే రెండు మూడు వోల్టులకి మించి పడనివ్వదు.

మూడు కాళ్ళ రకంలో మాత్రం ఒక రెసిస్టర్‌తో సరిపెట్టుకోవాలనుకుంటే బోర్లా పడతారు. ఉమ్మడి కాలికి ఒకే రెసిస్టర్ పెట్టి, రెండు పిన్నులూ ఒకేసారి హై చేసి, ఎరుపూ పచ్చా కలిసి పసుపు వస్తుందని ఎదురు చూస్తారు. వచ్చేది ఉత్త ఎరుపు. ఎరుపు గడప 1.9, పచ్చది 2.1. ఎరుపు వెలగగానే పిన్నులకీ ఆ ఉమ్మడి కాలికీ మధ్య వోల్టేజిని తన 1.9 దగ్గరే పట్టి ఉంచుతుంది. పచ్చకి 2.1 అందనే అందదు. పళ్ళెం ఒకటే అయినప్పుడు ముందు చెయ్యి పడ్డవాడే తినేస్తాడు. మూడు కాళ్ళదానికి రంగుకొకటి చొప్పున రెండు రెసిస్టర్లు తప్పనిసరి, అవి ఉమ్మడి కాలికి కాదు, పక్క కాళ్ళకి.

ఒకే పిన్నుతో, సగం సప్లై మీద

ఇప్పుడు మొదటి కథ దగ్గరికి. రెండు 100 ఓముల రెసిస్టర్లు సప్లైని సరిగ్గా సగం చేస్తాయి. 5 వోల్టుల బోర్డులో మధ్య బిందువు 2.5. పిన్ను హై అంటే ఎల్‌ఈడీకి ఒకవైపు 5, ఇంకోవైపు 2.5, మధ్య తేడా 2.5. లో అంటే తేడా అంతే, దిశ మాత్రం మారుతుంది. ఎరుపు గడప 1.9 తీసేస్తే మిగిలేది 0.6 వోల్టు, పచ్చకి 0.4. దారిలో ఉన్న రెసిస్టెన్సు, ఆ రెండు నూర్లు పక్కపక్కన లెక్కలోకి వచ్చి 50, పిన్నువి 25, మొత్తం 75 ఓములు. ఎరుపుకి 8 మిల్లీ ఆంపులు, పచ్చకి 5.3. వెలుగుతుంది, సందేహం లేదు.

3.3 వోల్టుల బోర్డులో మధ్య బిందువు 1.65. ఎరుపు గడపకే 1.9 కావాలి. కథ అక్కడితో సరి. రెసిస్టర్లు ఎంత తగ్గించినా, ప్రోగ్రాము ఎంత సవరించినా 1.65 అనేది 1.9 అవదు. చీకట్లో కనిపించిన ఆ ఎర్రటి నిప్పురవ్వ గడప కింద సందులోంచి జారిన కొన్ని మైక్రో ఆంపుల పుణ్యం. నిజానికి ఆ రవ్వే అసలు సాక్ష్యం. ఎల్‌ఈడీ బతికే ఉందనీ, వైర్లు సరిగానే ఉన్నాయనీ, వోల్టేజే చాలలేదనీ అది చెబుతోంది.

5 వోల్టుల దగ్గర పనిచేస్తుంది కదా అని ఈ కట్టుబడిని నెత్తిన పెట్టుకోవడం కూడా సబబు కాదు. మిగులు 0.4 వోల్టు మీద బండి నడపడమంటే నెలాఖరు జీతంతో ఇల్లు నడపడం లాంటిది, ఏ చిన్న తేడా వచ్చినా తట్టుకోలేదు. కొన్న ఎల్‌ఈడీ గడప 2.1కి బదులు 2.2 అయితే పచ్చ కరెంటు 5.3 నుంచి 4కి పడిపోతుంది, నాలుగో వంతు గల్లంతు. రెండు పిన్నుల పద్ధతిలో ఇదే 0.1 తేడాకి మారేది నూటికి మూడున్నర పాళ్ళు మాత్రమే. సన్నటి యూఎస్‌బీ వైరు చివర 5 వోల్టులు 4.6కి దిగడం మామూలే. అప్పుడు మధ్య బిందువు 2.3 అవుతుంది, పచ్చకి మిగిలేది 0.2, కరెంటు సగానికి సగం పోతుంది. పొద్దున ఫోను ఛార్జరుతో బాగా వెలిగింది, సాయంత్రం ల్యాప్‌టాప్‌కి పెడితే మసకబారింది అంటూ వచ్చే ఫిర్యాదుకి మూలం చాలాసార్లు ఇదే.

పైగా దీపం ఆరి ఉన్నా ఆ రెండు రెసిస్టర్ల గుండా 25 మిల్లీ ఆంపులు ఊరికే కారిపోతూ ఉంటాయి. 2000 మిల్లీ ఆంపు అవర్ల బ్యాటరీ పెడితే వేరే ఏ పనీ చెయ్యకుండానే 80 గంటల్లో, అంటే మూడు రోజుల పైచిలుకులో ఖాళీ. 100కి బదులు 1000 ఓములు పెడితే వృథా 2.5 మిల్లీ ఆంపులకి తగ్గుతుంది కానీ దీపానికి అందేది ఒక మిల్లీ ఆంపు చుట్టుపక్కలే. గట్టి వెలుగున్న ఎరుపుకి అది చాలొచ్చు, పాతరకం పచ్చ పట్టపగలు కనిపించదు.

ఇంకో మెలిక డేటాషీట్‌లో లోతుగా ఉంటుంది, చాలామంది అంతదాకా వెళ్ళరు. ఆర్పడానికి పిన్నుని ఇన్‌పుట్ చేసినప్పుడు అది సప్లైలో సగం దగ్గర వేలాడుతుంది. ఇన్‌పుట్ లోపల ఉండే గేటుకి ఇది హై అని తేలదు, లో అని తేలదు. ఆ గేటులోని పై ట్రాన్సిస్టరూ కింద ట్రాన్సిస్టరూ రెండూ సగం సగం కరెంటుని పోనిచ్చి చిప్పు అనవసరంగా కరెంటు తాగుతుంది. ఊనోలో ఉండేలాంటి ఏవీఆర్ కుటుంబం చిప్పుల్లో అనలాగ్ పిన్ను ఎంచుకుని, దాని డిజిటల్ ఇన్‌పుట్‌ని ఆపేస్తే ఈ బెడద పోతుంది. బ్యాటరీ మీద నెలల తరబడి నడవాల్సిన పరికరానికి ఇది చిన్న విషయం కాదు.

అదే పిన్ను, తలకిందులైన లెక్క

ఒకే పిన్నుతో చేసే పద్ధతి ఇంకోటుంది, దాని లెక్క దీనికి సరిగ్గా తలకిందులు. సప్లై నుంచి రెసిస్టర్, ఎరుపు ఎల్‌ఈడీ, అక్కడినుంచి పిన్ను. పిన్ను నుంచి పచ్చ ఎల్‌ఈడీ, రెసిస్టర్, గ్రౌండు. పిన్ను లో అయితే పైనున్న ఎరుపు వెలుగుతుంది, హై అయితే కిందున్న పచ్చ. సప్లై మొత్తం ఒక్కో దీపానికి అందుతుంది కాబట్టి 3.3 వోల్టులైనా ఇబ్బంది లేదు, 150 ఓములతో 7, 8 మిల్లీ ఆంపులు వస్తాయి.

మరి పిన్ను వేలాడితే? అప్పుడు ఎరుపు, పచ్చ ఒకదాని తర్వాత ఒకటిగా సప్లైకీ గ్రౌండుకీ మధ్య వరసలో పడతాయి. రెండు గడపలూ కలిపి 4 వోల్టులు. సప్లై 5 అయితే ఇంకా 1 వోల్టు మిగిలే ఉంది. 330 ఓముల రెసిస్టర్లు రెండుంటే 1.5 మిల్లీ ఆంపులు పారి రెండూ మసగ్గా వెలుగుతూనే ఉంటాయి. ఆర్పడమనేది కుదరదు. సప్లై 3.3 అయితే 4 వోల్టుల గడప దాటలేదు, దీపాలు ఆరిపోతాయి. పాతరకం పచ్చ పెడితే మరీ చీకట్లో ఎరుపు సన్నగా కనిపించవచ్చు, కొత్త పచ్చ పెడితే అదీ ఉండదు. మొదటి పద్ధతి 5 వోల్టుల దగ్గరే బతుకుతుంది, రెండోది 3.3 దగ్గరే ఆరుతుంది. ఒక బోర్డు నుంచి ఇంకో బోర్డుకి మారేటప్పుడు సర్క్యూట్‌ని ఉన్నదున్నట్టు ఎత్తి పెట్టకూడదనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కర్లేదు.

ఇందులో ఒక ఇబ్బంది ఉంది. ఒకదాని ప్లస్సు కాలు ఇంకోదాని మైనస్సు కాలుతో, రెసిస్టర్లు ఆ చివరా ఈ చివరా ఉండాలి కాబట్టి, రెండు కాళ్ళదీ మూడు కాళ్ళదీ దీనికి పనికిరావు. రెండు విడి ఎల్‌ఈడీలు కావాలి, లేదా నాలుగు ప్యాడ్‌లుండే, బోర్డు మీద నేరుగా అతికే ఎస్‌ఎండీ రకం. చుక్క ఒకటే ఉండాలంటే ఆ రెండోదే గతి, దాన్ని చేత్తో సోల్డర్ చెయ్యడానికి ఓపిక కావాలి.

ఏవీఆర్‌లో ప్రోగ్రాము వైపు ఒక జాగ్రత్త. హై నుంచి నేరుగా ఇన్‌పుట్‌కి మారిస్తే, ఔట్‌పుట్ బిట్ 1గానే మిగిలిపోయి పిన్నుని సప్లై వైపు లాగే లోపలి పుల్-అప్ రెసిస్టర్ పనిలోకి వస్తుంది. అది 20 నుంచి 50 కిలో ఓములు, అందులోంచి పారే కొద్ది మైక్రో ఆంపులు కూడా నేటి ఎల్‌ఈడీల్లో కంటికి కనిపిస్తాయి. ఆర్డుయినోలో పిన్‌మోడ్ ఇన్‌పుట్ అని రాస్తే ఆ బిట్‌ని అదే చెరిపేస్తుంది, చిప్పు లోపలి మెమరీ గదుల్లోకి (రిజిస్టర్లలోకి) నేరుగా రాసేవాళ్ళు మర్చిపోకుండా చెరపాలి. ఈఎస్‌పీ 8266లో మరో చిక్కు. కరెంటు ఇచ్చిన క్షణంలో 0, 2 నంబరు పిన్నులు హైగానూ, 15 లోగానూ ఉండాలి. లేకపోతే ప్రోగ్రాము మొదలవదు. ఆ పిన్నులకి ఇలాంటి దీపాలు తగిలిస్తే బోర్డు ఒకసారి లేచి ఒకసారి లేవక పిచ్చెక్కిస్తుంది.

నిక్కచ్చిగా చెప్పాలంటే, పిన్నులు మిగిలి ఉంటే రెండు పిన్నుల పద్ధతే వాడాలి. ఒక్క పిన్ను ఆదా కోసం వోల్టేజితో పేకాట ఆడటం ఏటీటైనీ 85 లాంటి ఎనిమిది కాళ్ళ చిప్పుల దగ్గరే సమంజసం. అందులో సప్లైకీ గ్రౌండుకీ రీసెట్‌కీ పోగా చేతికి మిగిలేది ఐదే. పిన్నులకి నిజంగా కరువొస్తే చార్లీప్లెక్సింగ్ ఉంది. 1995లో మాక్సిమ్ కంపెనీలో పనిచేసిన చార్లీ అలెన్ పేరు మీద వచ్చిన ఈ పద్ధతిలో మూడు పిన్నుల మధ్య ఆరు ఎల్‌ఈడీలు, అంటే రెండు రంగులవి మూడు, కట్టొచ్చు. రెండు పిన్నుల మధ్య ఒక బైకలర్ ఎల్‌ఈడీ కట్టడం ఆ పద్ధతిలో మొదటి మెట్టే.

8051 దగ్గర ఎందుకు వెలగదు?

పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ ల్యాబుల్లో 8051 చిప్పు మీద చెయ్యి తిప్పుకున్నవాళ్ళు చాలామంది. రెండు పిన్నుల మధ్య బైకలర్ ఎల్‌ఈడీ అనే సులువైన పద్ధతి అక్కడ మొండికేస్తుంది. ఏటీ89ఎస్52 లాంటి చిప్పుల్లో పిన్ను కిందికి గట్టిగా లాగగలదు కానీ పైకి తొయ్యడానికి బలహీనమైన పుల్-అప్ తప్ప ఏమీ లేదు. డేటాషీట్ హామీ ఇచ్చేది 60 మైక్రో ఆంపులు. అంటే హై అన్నది పేరుకే హై. లాగడానికి మాత్రం పిన్నుకి 10 మిల్లీ ఆంపులు, పోర్టు (ఎనిమిది పిన్నుల గుంపు) మొత్తానికి 15, పోర్టు 0 అయితే 26 దాకా అనుమతి.

మందు ఏంటంటే, రెండు పిన్నులకీ బయటనుంచి చెరో 1000 ఓముల రెసిస్టర్ 5 వోల్టులకి కట్టాలి. ఎల్‌ఈడీ నేరుగా రెండు పిన్నుల మధ్య, వేరే రెసిస్టర్ అక్కర్లేదు. లోగా ఉన్న పిన్ను తన సొంత రెసిస్టర్ నుంచి 4.6 మిల్లీ ఆంపులు, అవతలి రెసిస్టర్ నుంచి దీపం గుండా వచ్చే 2.6, మొత్తం 7.2 లాగుతుంది. 10 లోపే. ఆర్పాలంటే రెండూ హై చెయ్యాలి. రెండూ లో చేసినా ఆరుతుంది కానీ రెసిస్టర్ల గుండా 9 మిల్లీ ఆంపులు దండగ. రీసెట్ అవ్వగానే 8051 పోర్టులన్నీ హైలోనే లేస్తాయి కాబట్టి కరెంటు ఇచ్చిన క్షణంలో దీపం ఆరే ఉంటుంది, ఇది మంచి లక్షణం. ఇంత గొడవ వద్దనుకుంటే కామన్ ఆనోడ్ మూడు కాళ్ళది తీసుకుని, రంగుకో 330 ఓములతో పిన్నుల వైపు లాగించుకోవడం ఇంకా సులువు.

పసుపు ఎక్కడినుంచి వస్తుంది

రెండు కాళ్ళ ఎల్‌ఈడీలో ఎరుపూ పచ్చా ఒకేసారి వెలగడం అసాధ్యం. అయినా పసుపో నారింజో కనిపిస్తుంది. రెంటినీ సెకనుకి వందసార్లకు పైగా మార్చి మార్చి వెలిగిస్తే కన్ను వాటిని విడదీయలేదు. గదిలో లైటు తీసేసి, అలా పసుపుగా వెలుగుతున్న బోర్డుని చేత్తో పట్టుకుని, దీపావళికి కాకరపువ్వొత్తి తిప్పినట్టు గుండ్రంగా తిప్పి చూడండి. పసుపు మాయమై, గాలిలో ఎరుపు గీత, పచ్చ గీత, ఎరుపు గీత, పచ్చ గీత ఒక వలయంలా పరుచుకుంటాయి. ఎలక్ట్రానిక్స్ నేర్చుకునే పిల్లలకి ఇంతకంటే మంచి పాఠం పుస్తకంలో దొరకదు.

ఒక్క పిన్ను పద్ధతులకి ఇక్కడ కలిసొస్తుంది. ఊనోలో పీడబ్ల్యూఎం (తనంతట తనే వేగంగా హై, లో మారుతూ ఉండే) పిన్నుకి అనలాగ్‌రైట్‌తో 0 నుంచి 255 మధ్య ఏ అంకె ఇచ్చినా, లోగా ఉన్నంతసేపు ఎరుపు, హైగా ఉన్నంతసేపు పచ్చ వెలిగి, ఎరుపు నుంచి పచ్చ దాకా రంగులన్నీ ఒకే అంకెతో వస్తాయి. చాలా పిన్నుల మీద ఆ వేగం సెకనుకి 490 సార్లు, 5, 6 పిన్నుల మీద 980. రెండు పిన్నుల పద్ధతిలో ఒక పిన్నుకి మాత్రమే పీడబ్ల్యూఎం ఇస్తే ఒక రంగు వెలుగు తగ్గుతుంది కానీ రెండు రంగులు కలవవు. రెండో పిన్ను మొదటిదానికి ఎప్పుడూ ఎదురుగా ఆడాలి. ఏటీమెగా 328పీలో ఒకే టైమరుకి చెందిన 9, 10 పిన్నుల్లో ఒకదాన్ని తలకిందులుగా పెడితే చిప్పే ఆ పని చూసుకుంటుంది.

సగం సగం ఇస్తే సరిగ్గా పసుపు వస్తుందనే హామీ లేదు. కన్ను 555 నానోమీటర్ల దగ్గర, పచ్చ వైపే ఎక్కువ చురుగ్గా ఉంటుంది, పైగా కొత్త పచ్చ ఎల్‌ఈడీ ఎరుపుని మింగేసేంత వెలుగిస్తుంది. కాబట్టి అంకె కళ్ళతో చూసి సరిచేసుకోవాలి. తొడుగు పాలరంగుదై ఉండాలి. గాజులా పారదర్శకంగా ఉంటే దగ్గరనుంచి పసుపు కనిపించదు, పక్కపక్కన రెండు చుక్కలు కనిపిస్తాయి.

రంగొక్కటే సరిపోదు

సాయంత్రం ఫిషింగ్ హార్బర్‌లోకి తిరిగొచ్చే పెద్ద పడవలకి ఎడమవైపు ఎరుపు దీపం, కుడివైపు పచ్చ దీపం ఉంటాయి. అంతర్జాతీయ నిబంధన అది. ఓడరేవుల్లోకి దారి చూపే, నీటి మీద తేలే గుర్తుల్లో కూడా మనదేశం పాటించే పద్ధతి ప్రకారం లోపలికొచ్చేటప్పుడు ఎడమవైపుది ఎరుపు, కుడివైపుది పచ్చ. అయితే అక్కడ రంగు మీదే భారం వెయ్యలేదు. ఎరుపు గుర్తు డబ్బాలా స్తూపాకారం, పచ్చది శంకు ఆకారం. రంగు తెలియని వెలుతురులోనూ ఆకారం తెలుస్తుంది.

ఎరుపు-పచ్చ తేడా పోల్చుకోలేని వర్ణాంధత మగవాళ్ళలో చాలా ఎక్కువ, దానికి కారణమైన జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉండటం వల్ల. రెండు రంగుల ఎల్‌ఈడీలో స్థానం ఒకటే, ఆకారం ఒకటే. వాచ్‌మన్‌కి ఆ తేడా కనిపించకపోతే ఇండికేటర్ ఉన్నా లేనట్టే, మోటారు వెయ్యాల్సిన సమయం దాటిపోతుంది. పరిష్కారానికి పైసా ఖర్చు లేదు. పచ్చ నిలకడగా, ఎరుపు సెకనుకోసారి ఆరి వెలుగుతూ ఉండాలి. ప్రోగ్రాములో రెండు వరసలు. దీన్ని అదనపు సొగసు కింద కాకుండా సర్క్యూట్‌లో భాగంగానే చూడాలి.

ఎంవీపీ కాలనీ డబ్బా విషయానికొస్తే, నోడ్‌ఎంసీయూలో పిన్నులకి కరువు లేదు. డీ1, డీ2 పిన్నుల మధ్య ఆ పాత బైకలర్ ఎల్‌ఈడీనే 150 ఓములతో కట్టి, నూరు ఓముల రెసిస్టర్లు రెండూ పీకేస్తే అదే రాత్రి పనైపోతుంది. గోడకెక్కించే ముందు ఇంకో పని ఉంది. సముద్రం పక్కన ఊరు కాబట్టి తలుపు గడియలు ఎలా తుప్పు పడతాయో బ్రెడ్‌బోర్డు లోపలి రేకులు కూడా అలాగే చెడతాయి. సముద్రపు గాలితో వచ్చి పేరుకునే సన్నటి ఉప్పు పొర, గాలిలో తేమ పట్టగానే బోర్డు మీద కరెంటుకి దొంగదారి అవుతుంది. కొన్ని మైక్రో ఆంపులకే వెలిగే ఎల్‌ఈడీ, ఆరి ఉండాల్సిన వేళ మినుకుమంటుంది. కాబట్టి సర్క్యూట్‌ని బ్రెడ్‌బోర్డు మీద వదలకుండా సోల్డర్ చేసి, ఫ్లక్సు జిడ్డుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరాక రక్షణ వార్నిష్ ఒక పూత వెయ్యాలి. ఎల్‌ఈడీ తల, యూఎస్‌బీ సాకెట్టు మాత్రం వార్నిష్ తగలకుండా ముందే టేపుతో కప్పుకోవాలి.